ఒతీలియా ఎడమ కణత

మా మరదలు ఒతీలియాకి తలనొప్పి అంటే మొట్టమొదట నమ్మనివాడు ఆమె మొగుడే, అంటే నా సొంత తమ్ముడు ఫెర్మీన్. "బట్టలుతికే రోజు చూసుకుని మరీ వస్తుందేమే నీకీ నొప్పి? నాకెప్పుడూ రాదేం?" అనేవాడు. తలలో ఏదైనా ఉంటేనే కదరా నొప్పొచ్చేది అని ఆమె తరఫున నేను జవాబు చెప్పేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. ఒతీలియా కూడా నవ్వబోయి, వాంతి తన్నుకొచ్చి దొడ్లోకి పరిగెత్తేది.

మా ఇంట్లో ఒకే వాకిలి చుట్టూ గదులు. ఒకదాంట్లో మా అమ్మ ఎవులాలియా, నేను. ఎదురు గదిలో వాళ్ళిద్దరూ. నా పేరు నికొలాసా. మొగుడు పోయాక ఫ్యాక్టరీ గేటు ముందు పొయ్యి పెట్టుకున్నాను. మొక్కజొన్న పిండితో మందంగా రొట్టెలు కాల్చి, వాటి పొట్ట చీల్చి, చిక్కుడు గింజల ముద్దో మిరపకాయల మాంసమో కూరి అమ్ముతాను. ఒతీలియా ఆ ఫ్యాక్టరీలోనే కార్ల సీట్లకి తొడుగులు కుట్టేది. అందుకని లోపల జరిగింది ఆమె చెబితే విన్నాను, గేటు దగ్గర జరిగింది నా కళ్ళతో చూశాను. ఇక ఇంట్లో జరిగింది వినకుండా ఉందామన్నా మా గోడలు ఒప్పుకోవు.

ఆమెది మా సాన్ లూయీస్ పట్నానికి ఉత్తరాన, మాతెవాలా ఊరు దాటాక వచ్చే ఎండు నేల. తండ్రి కిత్తనార తీసి అమ్మేవాడు, తల్లి మేకల్ని కాసేది. ఆ తల్లికీ ఇదే నొప్పి. వచ్చినప్పుడు ఆవిడ మేకల కొట్టంలో దూరి పడుకునేదట, ఆ ఇంటి మొత్తానికి చీకటిగా ఉండే చోటు అదొక్కటే కాబట్టి. ఊళ్ళో కొందరు దిష్టి అన్నారు, కొందరు బద్ధకం అన్నారు. బద్ధకం అన్నవాళ్ళే ఎక్కువ. "మా అమ్మ చచ్చిపోయినప్పుడు కూడా వదినా, కాసేపటి దాకా ఎవరూ నమ్మలేదు" అని ఒతీలియా నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

మనిషి మంచి సరదా మనిషి. ఎవరినైనా ఒక్కసారి చూస్తే చాలు, అచ్చం అలాగే చేసి దింపేసేది. ఫ్యాక్టరీ ఇంజనీరు పలొమారెస్ పొట్ట ముందు వచ్చి తను తర్వాత వచ్చే నడక, మా అమ్మ జపమాల తిప్పుతూ మధ్యలో కోళ్ళని తిట్టే తిట్లు, అన్నీ. అమ్మ ఎదురుగానే అమ్మని దింపితే, "దీనికి సిగ్గూ శరం లేవు" అంటూ అమ్మే ముందు నవ్వేది. చేతులు కూడా అంతే చురుకు. వంకర కుట్టు ఒక్కటి కూడా ఆమె మిషను నుంచి వచ్చేది కాదని పక్క మిషను బ్రిహిదా నా దగ్గర రొట్టె తింటూ చెప్పేది. చెప్పేటప్పుడు ఆ గొంతులో కాస్త కుళ్ళు కూడా ఉండేది.

నొప్పి రాబోతుంటే ఆమెకి ముందు కంటి పక్కన రంపప్పళ్ళలాంటి వెలుగు మొదలయ్యేది. తర్వాత చూసేదాంట్లో సగం మాయమైపోయేది. ఆ తర్వాత ఎడమ కణతలో మేకు. ఎప్పుడూ ఎడమ కణతే. సీట్ల స్పాంజికి పూసే జిగురు వాసన, నెత్తిమీద తెల్లటి ట్యూబులైట్లు, ఆ రెండూ కలిస్తే చాలు, వచ్చేసేది. మిషను ఆపేసి గోడ పట్టుకుని బయటికి వచ్చేది. గేటు దగ్గర నా గొడుగు కింద కూర్చుని, నెత్తిన శాలువా కప్పుకుని వణికేది.

పలొమారెస్ ఇంజనీరు ఒకసారి ఆ గొడుగు దాకా వచ్చి అడిగాడు. "జ్వరం చూస్తే లేదు. బీపీ చూస్తే నాకన్నా బాగుంది. ఏం చూసి నిన్ను ఇంటికి పంపమంటావమ్మా?"

"నొప్పి సార్" అంది ఒతీలియా.

"నొప్పి అని అందరూ అంటారు. నేనూ అంటాను. నాకు ఇద్దరు భార్యల నొప్పి ఉంది."

అతని వెనకున్న గుమాస్తా నవ్వాడు. జీతం తీసుకునేవాడు కదా, నవ్వాలి. ఇంకొక్కసారి మిషను వదిలి లేస్తే ఇక రానక్కర్లేదని చెప్పి ఇంజనీరు వెళ్ళిపోయాడు. ఒతీలియా అడిగింది పెద్ద వరమేమీ కాదు. గేటు పక్కన, కిటికీ కింద, కుట్టిన తొడుగుల్ని తనిఖీ చేసే బల్ల ఒకటి ఉండేది. అక్కడ జిగురు వాసన రాదు, పగటి వెలుతురు వస్తుంది. నన్ను అక్కడ వెయ్యండి అంది. దానికి రుజువు కావాలన్నారు. తలలో నొప్పికి రుజువు ఎవరు తెస్తారు, ఎక్కణ్ణుంచి తెస్తారు?

అప్పుడు దొరికింది ఆ డాక్టరమ్మ. పెద్దాసుపత్రి వెనక గదుల్లో బెరూమెన్ అనే చిన్న డాక్టరమ్మ ఒంటి కణత నొప్పి మీద పరిశోధన చేస్తోందని, మొహంలో ఎక్కడ వేడిగా ఉందో ఎక్కడ చల్లగా ఉందో చూపించే కెమెరా ఉందని, నొప్పి ఉన్నప్పుడే రావాలని మా పేట వైద్యశాల గోడమీద కాగితం అంటించారు. నేనే చదివి చెప్పాను. "నొప్పికి ఫోటో తీస్తారంటే!" అన్నాను. ఒతీలియా కళ్ళు ఎలా విచ్చుకున్నాయో నాకిప్పటికీ గుర్తే.

తర్వాత వచ్చిన నొప్పికి ఆమెని బస్సెక్కించి తీసుకెళ్ళాను. బయల్దేరేముందు మా అమ్మ ఎప్పుడూ చేసే పనే చేసింది. బంగాళాదుంపని పల్చగా చక్రాలు కోసి, ఉప్పు రాసి, నొప్పున్న వైపు కణత నుంచి కనుబొమ్మ దాకా ఒకదాని మీద ఒకటి ఎక్కేలా అంటించింది. పైన శాలువా కప్పింది. "వేడి లాగేస్తుందమ్మా, కదపకు" అంది. మా అమ్మకీ వాళ్ళమ్మ ఇలాగే పెట్టింది, నాకు మా అమ్మ పెట్టింది. మా ఆడవాళ్ళకి తలనొప్పి అంటే కణతకి దుంప, అంతే. దానితో పాటు ఇంకో అలవాటు కూడా ఉంది. డాక్టరు గుమ్మం దాకా వెళ్ళాక వాటిని తీసేసి, మొహం తుడుచుకుని లోపలికి వెళ్తాం. చూస్తే డాక్టర్లు తిడతారు, చదువు లేనివాళ్ళమంటారు. గుళ్ళోకి పోయేముందు నోట్లో చూయింగ్ గమ్ ఉమ్మేసినట్టు అది మాకు మర్యాద.

అక్కడ నర్సు పద్ధతిగానే అడిగింది. "మొహానికి క్రీము రాశారా? పౌడరు? పొద్దున కాఫీ తాగారా? సిగరెట్టు? ఎండలో నడిచారా?" ఒతీలియా అన్నిటికీ లేదంది. అన్నీ నిజాలే. ఎండ వేడి దిగాలని చల్లటి గదిలో చాలాసేపు కూర్చోబెట్టారు. వెలుతురు పడక ఆమె శాలువాని గడ్డం దాకా లాక్కుని కూర్చుంది. పాపం, కళ్ళు మూసుకుని వాంతి ఆపుకుంటున్న మనిషిని ముసుగు తియ్యమనడానికి నర్సుకి మనసు రాలేదు. పిలుపు వచ్చాక, కెమెరా గది తలుపు దగ్గర, ఒతీలియా శాలువా లోపలికి చెయ్యిపెట్టి దుంప చక్రాలు ఒలిచి నా చేతిలో పెట్టింది. నేను వాటిని ఏప్రాను జేబులో వేసుకున్నాను. దుంప పెట్టుకున్నారా అని ఎవరూ అడగలేదు. దుంప క్రీము కాదు, పౌడరు కాదు. చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు. మీకు తోచేదా?

తెరమీద ఆమె మొహం వచ్చింది. నుదురు ఎర్రగా, బుగ్గలు పసుపుగా, ముక్కు కొన ఆకుపచ్చగా. ఎడమ కణత నుంచి కనుబొమ్మ దాకా ముదురు నీలం. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నొప్పి ఎక్కడమ్మా? చూపించు."

ఒతీలియా కళ్ళు తెరవకుండానే వేలు పెట్టింది. సరిగ్గా నీలం మీదే పెట్టినట్టయింది.

"చూడమ్మా, అక్కడే చల్లబడింది. ఇదిగో, కనపడుతోంది!"

"కనపడుతోందా డాక్టరమ్మా?"

"స్పష్టంగా కనపడుతోంది."

"వదినా, నీకూ కనపడుతోందా?"

కనపడుతోందే అన్నాను. అప్పుడు ఏడ్చింది చూడండి. నొప్పికి ఎన్నడూ ఏడవని మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ ఆ ఫోటో ఒకటి అచ్చు తీసి చేతిలో పెట్టింది. ఫ్యాక్టరీ డాక్టరుకి తనే ఫోన్ చేసి మాట్లాడింది.

ఆ ఫోటో మా ఇంట్లో చేసిన మాయ అంతా ఇంతా కాదు. ఫెర్మీన్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇంత నీలం ఉందేమిటే నీ తలలో!" అన్నాడు. ఆ రాత్రి తన రొట్టెలు తనే వేడి చేసుకున్నాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. మర్నాడు ఫోటోని గోడమీద పునీతుడి పటం పక్కన మేకు కొట్టి తగిలించాడు. అమ్మ పక్కింటివాళ్ళని పిలిచి చూపించింది. "నేను ముందు నుంచీ చెబుతూనే ఉన్నాను, మా కోడలిది నిజం నొప్పి అని" అంది. ఎన్నడూ చెప్పలేదు. నేను నోరు తెరవబోతే ఒతీలియా నా చెయ్యి గిల్లింది.

ఫ్యాక్టరీలో ఆమెని కిటికీ కింద బల్లకి మార్చారు. నొప్పులు పోలేదు గానీ తగ్గాయి. వచ్చినా ఇంజనీరు ఏమీ అనేవాడు కాదు. "కాసేపు కూర్చోమ్మా" అనేవాడు. బ్రిహిదా వచ్చి నన్ను రహస్యంగా అడిగింది, "అక్కా, నా నడుముకి కూడా తీస్తారేమో కనుక్కోవా?" ఎండాకాలం అంతా, నాగజెముడు ముళ్ళపండ్లు అమ్మేవాళ్ళు వీధుల్లోకి వచ్చేదాకా, ఒతీలియా నేను ఎరిగిన మనుషులందరిలోకీ సుఖంగా ఉన్న మనిషి. నొప్పి ఉన్నా సుఖంగా ఉండొచ్చని నాకు అప్పుడే తెలిసింది. పక్కవాళ్ళు ఔనంటే చాలు.

తర్వాత డాక్టరమ్మ కబురు పెట్టింది. రాజధాని నుంచి పెద్ద డాక్టర్లు వస్తున్నారట, వాళ్ళకి తను ఒతీలియా ఫోటో చూపిస్తుందట, మనిషి కూడా వస్తే బాగుంటుందట. ఒతీలియా పెళ్ళినాటి కుట్టుపువ్వుల జాకెట్టు వేసుకుంది. నేనూ వెళ్ళాను. గోడంత తెరమీద ఆమె మొహం, కింద కుర్చీలో ఆమె. డాక్టరమ్మ మాట్లాడుతున్నంతసేపూ ఒతీలియా వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

అంతా అయ్యాక తెల్ల మీసాల డాక్టరు ఒకాయన తెర దగ్గరికి నడిచాడు. నీలం మచ్చ అంచుమీద వేలు నడిపించి చూశాడు. "అంచు ఇంత గుండ్రంగా వచ్చిందేమిటమ్మా?" అన్నాడు డాక్టరమ్మతో. జవాబు కోసం ఆగకుండా ఒతీలియా వైపు తిరిగి, మన ఇంటి పెద్దాయన అడిగినట్టు అడిగాడు.

"ఏ ఊరు తల్లీ మీది?"

"మాతెవాలా అవతల సార్."

"మాది ఆ పక్కనే, సకతేకాస్. మా నాయనమ్మకి తలనొప్పి వస్తే బంగాళాదుంప చక్రాలు అంటించుకునేది. మీ ఇంట్లో..."

"మా అత్తయ్య కూడా అంతే సార్!" ఒతీలియా మొహం వెలిగిపోయింది. "ఉప్పు రాసి మరీ పెడుతుంది. నొప్పున్న వైపే."

"ఈ ఫోటో రోజు కూడా పెట్టిందా?"

"లేకపోతే అంతదూరం బస్సులో ఎలా వస్తాను సార్?"

"మరెప్పుడు తీసేశావు తల్లీ?"

"తలుపు దగ్గర సార్. డాక్టరమ్మ ముందుకి అవి పెట్టుకుని పోవడం మర్యాద కాదు కదా."

ముందు ఒకడు నవ్వాడు. తర్వాత వరస మొత్తం నవ్వింది. ముసలాయన నవ్వలేదు, తల దించుకున్నాడు. ఒతీలియా కూడా నవ్వింది, అందరూ నవ్వుతున్నారు కదా అని. బెరూమెన్ డాక్టరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. తెర ఆపేసింది. అప్పుడు ఒతీలియా నా వైపు తిరిగి, "ఏం తప్పు మాట్లాడాను వదినా?" అంది. ఏం చెప్పను? తడిసిన చల్లటి దుంపని అంతసేపు అదిమి పెడితే చర్మం చల్లబడక ఏమవుతుందని ఆ ఇంతింత చదివినవాళ్ళంతా నవ్వుతుంటే నాకూ అప్పుడే అర్థమైంది. కెమెరా చూసింది నొప్పిని కాదు, మా అమ్మ వంటింటిని.

డాక్టరమ్మ ఆమెని పక్కకి తీసుకెళ్ళి మెత్తగానే చెప్పింది. ఇది మీ తప్పు కాదంది. అడగకపోవడం నాదే తప్పంది. ఈసారి నొప్పి వస్తే ఏమీ పెట్టుకోకుండా రమ్మంది. నొప్పి వచ్చింది, వెళ్ళాం. ఆ రోజు లాంటి నొప్పి నేను ముందెన్నడూ చూడలేదు. బస్సులో నా ఒళ్ళో వాంతి చేసుకుంది. శాలువా లేకుండా, దుంప లేకుండా, తెల్లటి వెలుతురు కింద ఓర్చుకుని కూర్చుంది. ఫోటో తీశారు. కణతలు రెండూ పసుపే. ఎడమా కుడీ ఒకటే.

"మరి నా నొప్పి ఎక్కడికి పోయింది డాక్టరమ్మా?"

"ఎక్కడికీ పోలేదమ్మా. ఉంది. కెమెరాకి కనపడలేదు, అంతే. చాలామందికి ఇలాగే ఉంటోంది. అసలు దీంతో కనపడుతుందో లేదో తెలుసుకోడానికే నా చదువంతా."

"మరి ముందు కనపడుతోందన్నారు కదా."

డాక్టరమ్మ పాత ఫోటో తీసి దానిమీద అడ్డంగా గీత కొట్టేసింది. ఆ పిల్ల దొంగ కాదు. నిజాయితీపరురాలు. అందుకే ఆ పిల్లంటే నాకు ఒళ్ళుమంట. ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ డాక్టరుకి ఫోన్ చేసి, నేను ఇచ్చిన ఫోటో చెల్లదు, ఆవిడకి నొప్పి లేదని మాత్రం అనుకోవద్దు అని చెప్పిందట. మొదటి ముక్క వినేదాకానే వాళ్ళకి చెవులు పనిచేశాయి. ఎవరి ప్రాణం పోతోందని అంత తొందర? కాస్త ఆలస్యంగా చెబితే శాస్త్రం కుప్పకూలిపోయేదా?

తెల్లారేసరికి ఒతీలియా మళ్ళీ జిగురు వాసనలో, ట్యూబులైట్ల కింద. ఇంతకుముందు ఎవరూ నమ్మని మనిషి, ఇప్పుడు మోసగత్తె. "దుంపమ్మా, ఈరోజు ఉడికావా, వేగావా?" అని బ్రిహిదా మిషను మీంచే అరిచేది. భోజనాల గంటలో ఆమె కుర్చీలో ఎవరో బంగాళాదుంపకి కళ్ళూ ముక్కూ గీసి పెట్టారు. పలొమారెస్ ఇంజనీరు ఇక పొయ్యి దాకా నడిచి రాలేదు, లోపల నుంచే చెప్పించాడు. ఈసారి మిషను వదిలితే తలుపు అటే.

ఇంట్లో ఫెర్మీన్ ఫోటో గోడమీంచి పీకేశాడు. "ఊళ్ళో నన్ను తలెత్తుకోనివ్వకుండా చేశావు కదే" అన్నాడు. ఆదివారం వాకిట్లో స్నేహితులతో బీరు తాగుతూ, "నా పెళ్ళాం నొప్పిని వేయించుకుని, మిరపకాయ చల్లుకుని తినొచ్చురా" అని వాడే అందరికన్నా ముందు నవ్వాడు. నేను అట్లకాడ విసిరాను. తగల్లేదు, పాపిష్టి చెయ్యి. అమ్మ మాత్రం గదిలో కూర్చుని జపమాల తిప్పుతూనే ఉంది. ఒతీలియా లేచి ఆ అట్లకాడ ఏరి తెచ్చి నాకిచ్చింది. ఎవరినీ దింపడం కూడా మానేసింది. ఇంజనీరు నడక చూపించవే అని నేనే బతిమాలితే, "మర్చిపోయాను వదినా" అంది.

ఆ తర్వాత నొప్పి వచ్చినా ఎవరికీ చెప్పేది కాదు. రంపప్పళ్ళ వెలుగు మొదలైనా, గుడ్డలో సగం కనపడకపోయినా, కుడుతూనే ఉండేది. పెదవులు నల్లబడి గేటు దాటి వస్తుంటే నేనే చూసి తెలుసుకునేదాన్ని. అలాంటి ఒకరోజు, మధ్యాహ్నం, లోపల మిషన్లన్నీ ఒక్కసారి ఆగిన చప్పుడు వినిపించింది. ఆగడానికి కూడా చప్పుడుంటుంది, గేటు దగ్గర అన్నేళ్ళు కూర్చున్నదాన్ని నాకు తెలుసు. పొయ్యి వదిలేసి పరిగెత్తాను.

చూపులో కనపడని సగంలో ఒతీలియా మిషను కింద వేలు పెట్టింది. సూది గోరులోంచి దిగి ఎముకని గుచ్చి కింద నుంచి బయటికి వచ్చింది. తొడుగు మీదంతా నెత్తురు.

ఇక చూడాలి. పలొమారెస్ ఇంజనీరు తన చొక్కా చేతుల మీదుగా నెత్తురు కారుతున్నా లెక్కచేయకుండా ఆమెని తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. బ్రిహిదా ఏడ్చింది, నిజంగానే. ఫెర్మీన్ పని మధ్యలో వదిలేసి, దుమ్ము బట్టల్తోనే వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "నొప్పిగా ఉందా? బాగా నొప్పిగా ఉందా?" అని వదలకుండా అడుగుతున్నాడు. అమ్మ కోడి చారు కాచింది. పేటలో ఆడవాళ్ళు తీపి రొట్టెలు పట్టుకుని వచ్చి, ఆ కట్టు కేసి చూసి "అయ్యో తల్లీ" అని గుండెమీద చెయ్యి వేసుకున్నారు. సెలవు ఇచ్చారు, అడక్కుండానే. కిటికీకి దుప్పటి కట్టి గది చీకటి చేశారు, అది కూడా అడక్కుండానే.

అందరూ వెళ్ళాక నేను పక్కన కూర్చున్నాను. ఒతీలియా ఎడమ వైపు దిండులోకి మొహం అదిమి పడుకుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి ఎక్కడో దూరంగా, తనది కానట్టు, దుప్పటి మీద పడేసి ఉంది.

"వేలు సలుపుతోందా?" అన్నాను.

"వేలా?" అంది. "ఇదీ ఒక నొప్పేనా వదినా? తల పగిలిపోతోంది. పొద్దుటి నుంచీ." చిన్నగా నవ్వింది. "చెప్పకు వాళ్ళకి. వేలే అనుకోనీ. ఇది మానకుండా ఉంటే ఎంత బావుణ్ణు."

చెప్పలేదు. వేలిని రోజూ డాక్టరు కట్టు విప్పి చూసి మెచ్చుకునేవాడు, ఇంత శుభ్రంగా మానే చర్మం అరుదు అని. నెల తిరక్కుండానే పూర్తిగా మానిపోయింది. సోమవారం పొద్దున ఫెర్మీన్ ఆమెని గేటు దాకా దింపి, ఇంజనీరుకి నమస్కారం పెట్టి, "ఇప్పుడు బానే ఉంది సార్, ఏ నొప్పీ లేదు" అని చెప్పి వెళ్ళాడు.